మూడు పాటలొచ్చాయి, ఆల్బం మీద పేర్లెవరివి?

జంషెడ్‌పూర్‌లో మా బస్తీకి రాత్రి తొమ్మిది దాటాక ఎవరైనా వస్తే, ఒక రేకుల ఇంటి కిటికీకి లోపలి నుంచి బొంతలు కట్టి ఉండటం చూస్తారు. లోపల గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించి ఉంటాయి. అది మా పిల్లల రికార్డింగ్ గది. గూడ్సు బండి వెళ్తుంటే పాట ఆపాలి. వాన పడితే ఆ రోజుకి పని బందు. అలాంటి గదిలోంచి గత ఏడాదిన్నరలో మూడు పాటలు బయటికొచ్చాయి. తొమ్మిది పాటల ఆల్బం ఏప్రిల్ 14 నాటికి తేవాలని వాళ్ళ పట్టుదల. ఆ ఆల్బం కోసం నేను ఎదురుచూస్తున్నాను. కొంచెం భయపడుతున్నాను కూడా.

బ్యాండు పేరు ఇక్కడ రాయడం లేదు. కారణం ఉంది. వాళ్ళ మూడో పాట కొంటామని ఒక మ్యూజిక్ కంపెనీ నుంచి కాగితం వచ్చింది, మాటలు ఇంకా నడుస్తున్నాయి. ఇంగ్లీషు కాగితం కాబట్టి నా దగ్గరికి తెచ్చారు. నేను బడిలో హిందీ చెప్పే టీచర్ని. కానీ బస్తీలో ఆధార్ కార్డు దగ్గర్నుంచి ఆస్పత్రి బిల్లు దాకా ఏ కాగితమైనా నేనే చదివి చెప్పాలి. "అత్తా, ఇందులో ఏటుందో జెప్పు" అన్నాడు డప్పు వాయించే కుర్రాడు. చదివాను. ఒకేసారి కొంత డబ్బు ఇస్తారు, ఆ తర్వాత పాట పూర్తిగా వాళ్ళది. మొదటి రెండు పాటలు వాళ్ళకు అక్కర్లేదు. ఆల్బం ఊసే లేదు.

బ్యాండులో ఆరుగురు. నలుగురు తెలుగు పిల్లలు. ఇద్దరు మాలలు, ఒకడు మాదిగ, ఒకడు రెల్లి. ఐదోవాడు ఒడియా మాట్లాడే ముఖీల అబ్బాయి. ఆరో మనిషి సంతాల్ అమ్మాయి, తుమ్‌దాక్ వాయిస్తుంది, పాడుతుంది. ఎస్సీ వర్గీకరణ మీద 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పుడు ఆ గదిలో వారం రోజులు రిహార్సల్ లేదు, వాదనలే. తర్వాత మళ్ళీ కలిశారు. ఎలా కలిశార్రా అని అడిగితే "ఏటీ లేదత్తా, సగం కట్టిన ట్యూను అలగే ఉండిపోయింది" అన్నారు. పెద్దవాళ్ళం మనం అంత తేలిగ్గా కలవలేకపోతున్నాం, అది వేరే సంగతి.

మొదటి పాట సర్టిఫికెట్ మీద. హిందీలో ర్యాప్, మధ్యలో మళ్ళీ మళ్ళీ వచ్చే ఒక్క మాట తెలుగులో. ఆ పాటలో ఏముందో బయటివాళ్ళకు అర్థం కావాలంటే మా బతుకు కొంచెం చెప్పాలి.

షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు 1950 ఆగస్టు 10న వచ్చింది. ఏది షెడ్యూల్డ్ కులమన్న జాబితా రాష్ట్రాల వారీగా ఉంటుంది. అంటరానితనం అలా రాష్ట్రాల వారీగా ఆగదు, రైలెక్కి మనతోనే వస్తుంది. తండ్రి ఉద్యోగం వల్ల మహారాష్ట్రకు పోయిన మర్రి చంద్రశేఖరరావు అనే తెలుగు విద్యార్థి, తన గిరిజన హోదా మీద ముంబయిలో మెడికల్ సీటు అడిగి సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. సొంత రాష్ట్రంలో ఉన్న హోదా వలస వెళ్ళిన రాష్ట్రంలో చెల్లదని 1990లో ఐదుగురు జడ్జీల ధర్మాసనం చెప్పింది. 2018లో బీర్ సింగ్ కేసులో మరో ఐదుగురు జడ్జీల ధర్మాసనం అదే మాటను గట్టిపరిచింది. ఆ వాదనలో తర్కం లేదని నేను అనను. ఒక రాష్ట్రంలోని అణగారినవాళ్ళ వాటాను వలస వచ్చినవాళ్ళు తినకూడదన్నది ఆ తర్కం. కానీ మూడు తరాలుగా ఇక్కడే పుట్టి, ఇక్కడే పాకీ పని చేసి, ఇక్కడే అదే కులం పేరుతో తిట్టు తిన్న పిల్లవాడిని "నీ హోదా శ్రీకాకుళంలో ఉంది, అక్కడికెళ్ళి తెచ్చుకో" అంటే వాడేం చేయాలి? ఇక్కడ ఆఫీసుకెళ్తే మీరు ఆంధ్రావాళ్ళంటారు. ఆమదాలవలసలో రైలు దిగి మండలం ఆఫీసుకెళ్తే మీరు టాటావాళ్ళంటారు. తాత ఊళ్ళో సెంటు భూమి లేదు. ఉంటే తాత ఇక్కడికి ఎందుకొస్తాడు? భూమి లేనివాడు భూమి కాగితంతో తన మూలం రుజువు చేసుకోవాలి, ఇదీ కథ.

ఈ పాట యూట్యూబులో పెద్దగా ఎవరూ చూడలేదు. కానీ మా బస్తీలోనూ, ఊళ్ళో తెలుగువాళ్ళుండే మిగతా బస్తీల్లోనూ ఒక్కో ఫోన్‌లో ఉంది. ఒకావిడ కొడుకు స్కాలర్‌షిప్ అర్జీతో పాటు ఈ పాట లింకు కూడా గుమాస్తాకి పంపిందట. పనవ్వలేదు లెండి.

నాకు ఆ పాటలో ఒకచోట గొంతులో ముల్లు పడింది. రెండో చరణంలో 1932 మాట వస్తుంది. జార్ఖండ్‌లో స్థానికుడెవరన్నదానికి 1932 భూమి సర్వే ఖతియాన్ ఆధారం కావాలని ఎన్నాళ్ళనుంచో డిమాండ్ ఉంది. 2022 నవంబరులో అసెంబ్లీ ఆ బిల్లు ఆమోదించింది కూడా. మా పిల్లలు కోపంలో 1932ని, 1950ని ఒకే గాటన కట్టేశారు. రెండూ మమ్మల్ని బయట నిలబెట్టిన తలుపులే అన్నట్టు రాశారు. అది సరికాదు. 1907లో ఇనుము కంపెనీ మొదలై, 1912లో ఉక్కు పోత పోసి, 1919లో ఊరికి జంషెడ్‌పూర్ అని వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ పేరు పెట్టేనాటికి, అంతకుముందు సాక్చి అనే పల్లె ఇక్కడ ఉంది. చుట్టూ ఆదివాసీల ఊళ్ళున్నాయి. కాళీమాటి స్టేషన్ టాటానగర్ అయింది. వాళ్ళు 1932 అడగడం మన కడుపు కొట్టడానికి కాదు, పోయిన నేలకు ఒక గుర్తు కోసం. మనం ఆ నేల మీదే కూలీలుగా దిగాం. మన తాతలు దొంగలు కారు. అయినా ఆ నేల మీద ముందు హక్కు ఎవరిదో మరిచిపోయే అధికారం మనకు లేదు.

ఈ మాట నేను పిల్లలకు చెప్పకముందే సంతాల్ అమ్మాయి చెప్పింది. చెప్పి ఊరుకోలేదు, ఆ పాటకు జవాబుగా సంతాలీలో ఒక పాట కడుతోంది. ఆల్బంలో అది నాలుగోదిగా రావాలని ఇప్పటికి అనుకున్నారు. నేను ఎదురుచూసేది అన్నిటికన్నా ఎక్కువ ఆ పాట కోసమే. విడివిడిగా వచ్చే పాటకూ ఆల్బంకూ తేడా నాకు అక్కడే తెలిసింది. విడిపాట ఒక్క మనిషి కోపం. ఆల్బంలో దాని పక్కనే ఇంకొకరు నిలబడి "నీ మాట సగమే నిజం" అనగలరు. ఆ ఇద్దరి మధ్యన జరిగే పేచీ వింటేనే మా బస్తీ అర్థమవుతుంది.

ఈ పిల్లలకు దారి చూపింది చెన్నైవాళ్ళు. 2018 జనవరి 6న చెన్నై కీల్పాక్‌లో ద క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ మొదటిసారి వేదిక ఎక్కింది. పా. రంజిత్ నీలం సంస్థ, సంగీతకారుడు తెన్మా కలిసి కూర్చిన బ్యాండు. 19వ శతాబ్దం చివర అయోతీ దాస్ పండితర్ అంటరానివాళ్ళని పిలవబడే తమిళులను కులంలేని తమిళులన్నారు, ఆ మాటలోంచి వచ్చిందే ఆ పేరు. ఉత్తర చెన్నైలో చావు ఇళ్ళ ముందు పాడే గానా పాటను వాళ్ళు గిటారు, డ్రమ్సు, ర్యాప్ పక్కన నిలబెట్టారు. రిజర్వేషన్ మీద ఒక పాట, ఎద్దు మాంసం మీద ఒక పాట, జై భీమ్ అంటూ ఒక పాట. అప్పుడు మా పిల్లలు తొమ్మిదో తరగతిలోనో పదిలోనో ఉన్నారు. తమిళం ఒక్క ముక్క రాదు. అయినా ఆ వీడియోలు ఎన్నిసార్లు చూశారో. పాటలో "కోటా" అన్న మాట వినపడగానే ఎగిరి గంతేశారు, ఎందుకంటే ఆ ఒక్క మాట వాళ్ళకు అర్థమైంది, బడిలో వాళ్ళను తిట్టే మాట అదే.

రెండో పాట దగ్గరికొస్తాను. ఇది డప్పు కుర్రాడి అవ్వ పాట. ఆవిడ శ్రీకాకుళం జిల్లా నుంచి పెళ్ళయి ఇక్కడికొచ్చి ముప్ఫై ఏళ్ళు రెజా పని చేసింది. కూలీ పనిలో ఆడమనిషిని ఇక్కడ రెజా అంటారు. ఇటుకలు, సిమెంటు, కంకర మోసింది. తాత ఠికాదారు కింద పనిచేశాడు, పర్మనెంటు కాలేదు. ఈ ఊరికి కంపెనీ రోడ్లూ పార్కులూ గురించి చాలా పుస్తకాలున్నాయి, ఠికాదారు కింద చచ్చినవాళ్ళ లెక్క ఉన్న పుస్తకం ఒక్కటి నాకింతవరకు దొరకలేదు. అవ్వ ఊడుపుల పాట ఒకటి పాడుతుంది. చిన్నప్పుడు పరాయి పొలంలో నాటు వేస్తూ నేర్చుకున్నది. ఇక్కడికొచ్చాక ఆ బాణీలోనే కంకర, తట్ట, మేస్త్రీ చేరాయి. వరి మడిలో పుట్టిన పాట ఫర్నేసు పక్కకొచ్చింది. పిల్లలు ఆవిడ గొంతును ఫోన్‌లో పట్టి, కింద సన్నగా డప్పు పెట్టి, ఏమీ మార్చకుండా వదిలారు. దగ్గు కూడా అలాగే ఉంది. ఆ దగ్గు తీసేయమని ఒకరిద్దరు సలహా ఇచ్చారట. తీయలేదు. అది మంచి పని.

ఆ పాట కింద మాటలు వేయాలని వాళ్ళు నా దగ్గరికి తెచ్చినప్పుడు చూశాను. తెలుగు పాటను దేవనాగరిలో రాసుకున్నారు. వీళ్ళకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. మాకు బస్తీలో రామ మందిరం ఉంది, సంక్రాంతి ఉంది, తెలుగు సినిమా ఉంది, తెలుగు బడి మాత్రం మా దాకా రాలేదు. ఇక్కడి పెద్ద తెలుగు సంఘాల సభల్లో మా వాళ్ళు కుర్చీలు వేసిన జ్ఞాపకమే ఎక్కువ. దేవనాగరిలో ళ ఉన్నా హిందీలో వాడరు, అందుకని "నీళ్ళు" అన్న చోటల్లా "నీల్లు" అని ఉంది. ఎర్రసిరాతో దిద్దబోయి ఆగిపోయాను. అవ్వ కూడా నీల్లనే అంటుంది మరి. దిద్దాల్సింది ఎవరు, ఎవర్ని?

అవ్వ పాట వింటుంటే నాకు అరివు గుర్తొస్తాడు. క్యాస్ట్‌లెస్ కలెక్టివ్‌లో పాడిన కుర్రాడే. 2019లో ఆఫ్రో అనే నిర్మాతతో కలిసి తెరుక్కురళ్ అనే ఆల్బం చేశాడు. 2021 మార్చిలో ధీతో కలిసి పాడిన ఎంజాయ్ ఎంజామి వచ్చింది. సంగీతం పేరు సంతోష్ నారాయణన్‌ది. ఆ పాట వెనకున్నది అరివు అవ్వ వల్లియమ్మాళ్. శ్రీలంక తేయాకు తోటల్లో చాకిరీ చేసి, తర్వాత అక్కడి నుంచి పంపేస్తే తమిళనాడుకొచ్చి మళ్ళీ కూలీగానే బతికిన మనిషి. 1964లో శాస్త్రి, సిరిమావో బండారనాయకె చేసుకున్న ఒప్పందంతో లక్షల మంది తోట కూలీల పౌరసత్వం రెండు దేశాల మధ్య పంపకమైంది. మనుషుల్ని పంచుకున్నారు, భూమి ఇవ్వలేదు. ఆ అవ్వ బతుకులోంచి వచ్చిన పాట ప్రపంచమంతా పెళ్ళిళ్ళలో, జిమ్ముల్లో మోగింది. మా బస్తీలో దుర్గాపూజ పందిట్లో కూడా మోగింది. పందిట్లో డాన్సు చేసినవాళ్ళలో ఎందరికి అది భూమిలేని కూలీల పాటని తెలుసు?

ఆ తర్వాత జరిగింది మన పాఠకుల్లో చాలామందికి తెలిసే ఉంటుంది. 2021 ఆగస్టులో రోలింగ్ స్టోన్ ఇండియా తన ముఖచిత్రం మీద ధీని, షాన్ విన్సెంట్ డి పాల్‌ను వేసింది. ఎంజాయ్ ఎంజామికి, వాళ్ళు చెప్పిన రెండో పాట నీయే ఒళికి కూడా మాటలు రాసిన అరివు బొమ్మ లేదు. పా. రంజిత్ బయటపడి అడిగాక, గోల అయ్యాక, అరివుకు విడిగా డిజిటల్ ముఖచిత్రం వచ్చింది. 2022 జూలైలో చెన్నైలో చెస్ ఒలింపియాడ్ ప్రారంభంలో ఆ పాట వేదిక మీద వినిపించింది, అరివు అక్కడ లేడు. పాట కట్టింది, రాసింది, పాడింది తానేనని అతను రాసుకున్నాడు. మిగతా ఇద్దరూ అది ముగ్గురి పని అని జవాబిచ్చారు. అందులో ఎవరి వాటా ఎంతో తేల్చడానికి నేను స్టూడియోలో లేను. నాకు కనిపించేది ఒకటే. అందరి పేర్లూ ఉన్న పాటలోంచి జారిపోయే పేరు ప్రతిసారీ ఒకే వాడ నుంచి వచ్చినవాడిది అవుతోంది. పైగా 2024 మార్చిలో సంతోష్ నారాయణన్ ఆ పాట మీద తమ ముగ్గురికీ పైసా ఆదాయం రాలేదని బహిరంగంగా చెప్పాడు. కోట్ల మంది విన్న పాట పరిస్థితి ఇది.

అరివు దీనికి ఇచ్చిన జవాబు నాకు నచ్చింది. అంబస్సా అనే బ్యాండుతో కలిసి 2024లో తెచ్చిన ఆల్బంకు వల్లియమ్మ పేరాండి అని పేరు పెట్టాడు. వల్లియమ్మ మనవడు అని. పేరు జారిపోతుందనుకున్నచోట, అవ్వ పేరునే అట్ట మీద పెద్దక్షరాల్లో పెట్టేశాడు. ఇక దాన్ని తీసేస్తే ఆల్బమే ఉండదు.

ఇది తమిళుల కథ అని తప్పించుకోవద్దు. మన శ్రీకాకుళంలోనే జరిగింది. 2020లో వచ్చిన పలాస 1978 సినిమా దళిత జానపద కళాకారులైన అన్నదమ్ముల కథ, కరుణ కుమార్ తీశాడు, మన కథ కాబట్టి మేము ఇక్కడ ఫోన్లలో మూడేసి సార్లు చూశాం. అందులో బాగా పేరొచ్చిన గొలుసు పాట తనదేనని జముకు వాయించే శ్రీకాకుళం కళాకారుడు అసిరయ్య మీడియా ముందుకొచ్చి చెప్పుకోవాల్సి వచ్చింది. మరుసటి ఏడాది లవ్ స్టోరీ సినిమా పాట విషయంలో కోమలి అనే జానపద గాయని ఇలాగే గొంతెత్తింది. జానపదం అనే మాటలో ఒక సౌకర్యం ఉంది. జనానిది అంటే ఎవరిదీ కాదని అర్థం తీసుకోవచ్చు. ఎవరిదీ కానిది ముందు రిజిస్టర్ చేసుకున్నవాడిదవుతుంది. 1932 ఖతియాన్ అడిగేవాళ్ళకు ఈ సంగతి మనకన్నా బాగా తెలుసు.

ఇప్పుడు మూడో పాట, కంపెనీ అడిగే పాట. ఇది తీన్మార్ డప్పు మీద కట్టిన పెళ్ళి ఊరేగింపు పాట. ఇందులో ముఖీల అబ్బాయి ఢోల్ ఉంది, తుమ్‌దాక్ ఉంది, కిందనుంచి బేస్ గుద్దుతుంది. వినగానే కాళ్ళు ఆగవు. నేను యాభై దాటినదాన్ని, నా కాళ్ళూ ఆగలేదు. మాంగో నుంచి బిర్సానగర్ దాకా ఏ పెళ్ళి డీజే అయినా ఇప్పుడు దీన్ని వేస్తున్నాడు. రాజ్‌పుత్‌ల పెళ్ళిలో కూడా వేశారని పిల్లలు గొప్పగా చెప్పారు. అదే డప్పు చంకనేసుకుని వీళ్ళ తాత పెళ్ళి ముందు నడిస్తే వెనక కూర్చోబెట్టి ఆకులో పెట్టేవాళ్ళు. ఇప్పుడు స్పీకరులో వస్తే అంటు లేదు. మనిషి లేకుండా వస్తే దేనికీ అంటు లేదు.

డప్పు గురించి మనలో పాత పేచీ ఉంది. చచ్చిన పశువును మోయడం మానండి అని బాబాసాహెబ్ మహర్లకు చెప్పిన మాట పట్టుకుని, డప్పు కూడా వెట్టి గుర్తే కదా, వదిలేయమని మా నాన్న తరంలో కొందరు అనేవాళ్ళు. మా నాన్న డప్పు ముట్టుకోలేదు. టై కట్టుకుని ఏప్రిల్ 14 సభకు వెళ్ళేవాడు. ఆయన తప్పని నేను అనలేను. ఆంధ్రలో 1994లో మొదలైన దండోరా ఉద్యమం తర్వాత డప్పు తలెత్తుకుని ఊరేగింది. నా లెక్కలో తేడా వాయిద్యంలో లేదు. ఎవరు పిలిస్తే వాయిస్తున్నాం, వాయించాక ఎక్కడ కూర్చుంటున్నాం, డబ్బు ఎవరి చేతికి వస్తోంది, అక్కడుంది. ఈ కాగితం మీద సంతకం పెడితే మా నాన్న భయపడిందే జరుగుతుంది. మళ్ళీ కొట్టేవాడు ఒకడు, ఊరేగేవాడు ఒకడు.

పిల్లలు రెండుగా చీలి ఉన్నారు. డబ్బు కావాలనే వాళ్ళను నేను తప్పు పట్టను. రెల్లి కుర్రాడి తల్లికి ఆపరేషన్ ఉంది. కీబోర్డు అప్పు తీరలేదు. "ఆల్బం దెస్తే ఎవుడు ఇంటాడత్తా? జనం ఒక్క పాట ఇని గీసేస్తారు" అన్నాడు. ఫోన్ తెర మీద వేలితో గీసి పైకి తోసేస్తారని వాడి మాట. నిజమే. కానీ ఈ ఒక్కటి అమ్మితే మిగతా ఎనిమిదింటినీ జనం దగ్గరికి తీసుకెళ్ళే బండి పోతుంది. సర్టిఫికెట్ పాట వినడానికి ఎవడూ రాడు. పెళ్ళి పాటకు వస్తాడు, వచ్చి కూర్చున్నాక అవ్వ దగ్గు వింటాడు.

నేను ఇచ్చిన సలహా లాయరు సలహా కాదు, చట్టం పుస్తకం చదివి చెప్పినది. ఏ పాట కట్టేవాళ్ళకైనా పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను. కాపీరైట్ చట్టానికి 2012లో సవరణ వచ్చింది. దాని ప్రకారం పాట రాసినవాళ్ళూ, బాణీ కట్టినవాళ్ళూ హక్కులు అమ్ముకున్నా సరే, రాయల్టీలో సమాన వాటా వదులుకోవడం చెల్లదు. వారసులకు, కాపీరైట్ సొసైటీకి తప్ప దాన్ని ఇంకెవరికీ రాసివ్వలేరు. "ఇకమీదట ఏమీ అడగను" అని సంతకం పెట్టించుకున్నా ఆ ముక్క నిలవదు. ఒప్పందంలో ఎన్నేళ్ళకో రాయకపోతే ఐదేళ్ళకే అని లెక్క. ఎక్కడెక్కడో రాయకపోతే ఇండియాకే అని లెక్క. అందుకే కాగితాల్లో "శాశ్వతంగా, విశ్వమంతా" అని రాస్తారు. మా పిల్లలకొచ్చిన దానిలోనూ విశ్వమంతా అని ఉంది. చంద్రుడి మీద పెళ్ళిళ్ళు మొదలైతే అక్కడ కూడా మన డప్పు వాళ్ళదేనని నవ్వుకున్నాం. అయితే రాయల్టీ కావాలంటే ముందు పాట మీద రాసినవాడిగా, కట్టినవాడిగా పేరుండాలి. పేరు లేకపోతే చట్టం ఎవరికి ఇవ్వాలి? అందుకని ఏ కాగితం మీద సంతకం పెట్టకముందే ఐపీఆర్ఎస్ అనే సొసైటీలో సభ్యులై, తొమ్మిది పాటలూ ఎవరు రాశారు, ఎవరు కట్టారు నమోదు చేయమన్నాను. హక్కు అమ్మడం వేరు, ఏడాదికో రెండేళ్ళకో లైసెన్సు ఇవ్వడం వేరు. కంపెనీకి నిజంగా పాట నచ్చితే లైసెన్సుకు కూడా వస్తుంది.

ఇక్కడ ఇంకో వేదిక కూడా ఉంది. 2014 నుంచి నవంబరులో, బిర్సా ముండా జయంతి రోజుల్లో, టాటా స్టీల్ ఫౌండేషన్ సంవాద్ అనే ఆదివాసీ సమ్మేళనం జరుపుతోంది. గోపాల్ మైదానంలో దేశం నలుమూలల నుంచి వచ్చిన తెగల వాయిద్యాలు ఒకేసారి మోగుతాయి. ఆదివాసీ సంగీతకారులతో రిథమ్స్ ఆఫ్ ది ఎర్త్ అనే బృందం కూడా అక్కడి నుంచే వచ్చింది. సంతాల్ అమ్మాయి అక్కడ నగారాలు విని రెండు రాత్రులు నిద్రపోలేదట. వేదిక మంచిదే. కానీ ఊళ్ళో నీళ్ళూ కరెంటూ, నేలా, పార్కూ ఒక్క కంపెనీ పేరు మీదే ఉన్నచోట, 86 బస్తీలకు మాలికానా హక్కు మాట ప్రతి ఎన్నికలో వచ్చి ఎన్నిక కాగానే పోయేచోట, పాట కూడా ఎవరో ఇచ్చిన వేదిక మీదే బతకాలంటే నాకు ఊపిరాడదు. ఈ రేకుల గది సొంతం. అద్దె కడుతున్నా సొంతమే.

పిల్లల్ని మెచ్చుకోవడమే పనిగా పెట్టుకున్నానని అనుకోవద్దు. వాళ్ళ పాటల్లో నాకు నచ్చనివి చాలా ఉన్నాయి. గొంతుకు ఆటోట్యూన్ ఎందుకు పూస్తారో తెలియదు, ఆ కుర్రాడి గొంతు బరుకుగానే బాగుంటుంది. హిందీ ర్యాప్‌లో ముంబయి కుర్రాళ్ళ యాస తెచ్చిపెట్టుకుంటున్నారు. టాటా హిందీలో ఉన్న కారం దానికి లేదు. అన్నిటికన్నా పెద్ద తప్పు, మూడు పాటల్లోనూ ఆ అమ్మాయి కోరస్సే. ముందు వరుసలో ఒక్క చరణం లేదు. క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ మొదలైనప్పుడు కూడా అంతమంది మగవాళ్ళలో ఇసైవాణి ఒక్కతే ఆడమనిషి. గానా మగవాళ్ళదే అనుకునే చోట నిలబడి పాడింది, 2020లో బీబీసీ వందమంది మహిళల జాబితాలో చేరింది. అయ్యప్ప గుడి ప్రవేశం మీద పాడిన పాటకు ఏళ్ళ తర్వాత, 2024 నవంబరులో, బెదిరింపులూ ఫిర్యాదులూ వచ్చినప్పుడు ఎదుర్కొన్నదీ ఆమే. పాడిన పాటకు దెబ్బ పడితే ఆడపిల్ల పేరు అందరికీ గుర్తుంటుంది, పొగడ్త వచ్చినప్పుడు బ్యాండు పేరు గుర్తుంటుంది. మా గదిలో ఈ మాట అంటే మగపిల్లలు నేల చూశారు. సంతాలీ పాట నాలుగోది కాదు, మొదటిదే పెట్టండని చెప్పాను. ఇంకా తేల్చలేదు.

అట్ట మీద పేర్లు రాసే పని నాకు అప్పగించారు. పాట వారీగా రాసినవాళ్ళు, కట్టినవాళ్ళు, వాయించినవాళ్ళు, గది ఇచ్చిన ఇంటావిడ కూడా. తెలుగులో, ఓల్ చికిలో, హిందీలో. అవ్వ పేరు దగ్గర ఆగిపోయాం. రేషన్ కార్డులో ఒకలా ఉంది, ఆధార్‌లో ఇంకోలా ఉంది, రెండూ హిందీ గుమాస్తాలు రాసినవే, రెండూ తప్పే. "నీ పేరు ఎలగ రాయాలే అవ్వా?" అని మనవడు అడిగితే, "నాకేటి తెలుసు, పిలిస్తే పలుకుతాను" అంది. ఆ పేరులో ళ ఉంది. శనివారం రిహార్సల్ మధ్యలో డప్పు పక్కన పెట్టి, వాడు నా పాత నోటుబుక్కులో ఆ అక్షరం దిద్దుతూ కూర్చున్నాడు. నాలుగుసార్లు తోక అటు తిరిగింది. కంపెనీ కాగితం కీబోర్డు కింద ఉంది, సంతకం లేదు. గూడ్సు బండి వెళ్ళేదాకా ఎలాగూ పాడేది లేదు కాబట్టి ఐదోసారి రాస్తున్నాడు.